పిల్లల్ని వదులుతున్నాం సరే, తల్లుల మాటేమిటి?

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలలు వచ్చేసరికి మన ప్రవాస తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం వీడియోలు తిరుగుతాయి. విశాఖ ఆర్కే బీచ్‌లోనో, బాపట్ల సూర్యలంకలోనో, శ్రీకాకుళం తీరంలోనో అటవీ శాఖ వాళ్లు బుట్టల్లో తెచ్చిన తాబేలు పిల్లల్ని ఇసుక మీద వదులుతుంటారు. అరచేతిలో సగం కూడా లేని ఆ ప్రాణులు అల వైపు పాకుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. పిల్లలకు చూపిస్తాం, నలుగురికి పంపిస్తాం. వాటి మీద నాకు అభ్యంతరమేమీ లేదు. కానీ అదే తీరంలో, అవే నెలల్లో, చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చే పెద్ద తాబేళ్ల ఫొటో ఎవరైనా పెడితే మాత్రం పది నిమిషాల్లో అది పైకి వెళ్లిపోతుంది. దాని కింద ఎవరూ ఏమీ రాయరు.

2025 జనవరిలో ఆ ఫొటోలు చాలా వచ్చాయి. చెన్నై చుట్టుపక్కల తీరంలోనే వెయ్యికి పైగా ఆలివ్ రిడ్లే తాబేళ్లు చచ్చి ఒడ్డుకు చేరాయి. జాతీయ హరిత ట్రైబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుంది. మన వైపు కాకినాడ తీరంలోనూ కళేబరాలు కనిపించాయి, ఉపముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ విచారణకు ఆదేశించారు. ఆ తర్వాత వార్తలు సద్దుమణిగాయి. తాబేళ్లు చావడం మాత్రం ఆ ఏడాదితో మొదలైందీ కాదు, ఆ ఏడాదితో ఆగేదీ కాదు.

ఎందుకు చస్తున్నాయన్నది పెద్ద రహస్యమేమీ కాదు. సముద్ర తాబేలు నీళ్లలో బతుకుతుంది కానీ చేప కాదు. మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చుకోవాలి. హాయిగా ఉన్నప్పుడు చాలాసేపు నీళ్ల కింద ఉండగలదు, కానీ వలలో పడి గింజుకుంటే ఉన్న ఊపిరి తొందరగా అయిపోతుంది. ట్రాలర్లు లాగే వల ఒక పెద్ద మేజోడు లాంటిది. నోటి దగ్గర రెండు బరువైన బోర్డులు దాన్ని విప్పి ఉంచుతాయి, అడుగున బురదను రాసుకుంటూ మరబోటు దాన్ని రెండు మూడు గంటలు లాగుతుంది. రొయ్య, పీత, చేప, రాయి, చెత్త, ఎదురైనదల్లా వెనక సంచిలోకి చేరుతుంది. తాబేలూ చేరుతుంది. గంటలోపు వల పైకి తీస్తే చాలావరకు బతికి బయటపడుతుంది. మూడు గంటల తర్వాత తీస్తే సరంగు చేతికి దొరికేది శవమే. దాన్ని కళాసీలు సముద్రంలోకే తోసేస్తారు. కొన్ని రోజులకు అది ఒడ్డుకు వస్తుంది, మనకు ఫొటో అవుతుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. తాబేలు ఒకసారి వంద, నూట ఇరవై గుడ్లు పెడుతుంది. బయటికి వచ్చిన పిల్లల్లో పెద్దయ్యేవరకు బతికేది వెయ్యికి ఒకటి ఉంటే గొప్ప అంటారు. కాకి, కుక్క, పీత, చేప, అన్నీ దాని మీదే పడతాయి. గుడ్లు పెట్టే వయసు రావాలంటే పదేళ్లు దాటాలి. అంటే వలలో చచ్చిన ఒక్క ఆడ తాబేలు, వెయ్యి పిల్లల్లో మిగిలిన ఆ ఒక్కటి. నాలుగు తాబేళ్లు చస్తే నాలుగు వేల పిల్లల్ని వదిలిన పుణ్యం ఒక్క పూటలో కొట్టుకుపోయినట్టే. హేచరీలు పెట్టి, గుడ్లు ఏరి, కాపలా కాసి, పిల్లల్ని వదలడం మంచి పనే. కానీ పైన ట్యాంకులో బిందెతో నీళ్లు పోస్తూ కింద కుళాయి తిప్పి వదిలేస్తే ఆ ట్యాంకు ఎప్పటికి నిండుతుంది?

మా ఊరు బందరు. గిలకలదిండి హార్బరుకు సైకిలు మీద వెళ్లేంత దూరంలో పెరిగాను. వలలో బతికున్న తాబేలు వస్తే పాతకాలపు మనుషులు దానికి దణ్ణం పెట్టి నీళ్లలోకి వదలడం చూశాను. వాళ్లకది కూర్మావతారం. శ్రీకాకుళం జిల్లాలో శ్రీకూర్మం గుడి ఉండనే ఉంది, ఆ పక్క తీరంలోనే రిడ్లేలు గుడ్లు పెడతాయి. కనుక మన మత్స్యకారులకు తాబేలంటే పగ అని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. ఒడ్డున కళేబరం కనిపించగానే టీవీ కెమెరా నేరుగా జాలరి పేటకే వెళ్తుంది. అది నాకు నచ్చదు. వల లాగేవాడికి రోజుకూలి లాంటి వాటా వస్తుంది. డీజిలు, ఐసు, బోటు యజమాని భాగం పోయాక మిగిలింది వాళ్లు పంచుకుంటారు. నిర్ణయాలు వాడివి కావు.

చట్టం లేదా అంటే ఉంది. ఆలివ్ రిడ్లే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం 1994 నుంచి ఉంది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా మరబోట్లు వేటాడకూడదు, అది తెప్పలకు, చిన్న పడవలకు విడిచిన భాగం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కూడా ఉంది. ఆ నిషేధ కాలానికి ఇచ్చే భృతిని 2025లో 20 వేల రూపాయలు చేశారు, సంతోషం. కానీ ఆ నిషేధం చేపలు గుడ్లు పెట్టే కాలం చూసి పెట్టింది. తాబేళ్లు మన తీరానికి వచ్చేది నవంబరు నుంచి, గుడ్లు పెట్టేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్యలో. నిషేధం మొదలయ్యేసరికి వాటి పని చాలావరకు అయిపోతుంది, లేదా వాటి పనే అయిపోతుంది.

పక్కనున్న ఒడిశాను చూడండి. 1997లో గహిర్‌మఠను సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. ధామ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపల వేట ఆపుతారు. అక్కడా గొడవలున్నాయి, మత్స్యకారుల ఆకలి ఉంది, దొంగచాటు వేట ఉంది. అయినా 2025 ఫిబ్రవరిలో ఒక్క రుషికుల్య దగ్గరే దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. ఆ రుషికుల్య గంజాం జిల్లాలో ఉంది. మన ఇచ్ఛాపురం నుంచి ఎంతో దూరం కాదు, తెలుగు మాట్లాడే నోళియా పేటలున్న తీరమే. ఒడిశాకు వెళ్లే తాబేళ్లలో చాలా భాగం మన తీరం మీదుగానే ఈదుకుంటూ వెళ్తాయి. వాళ్లు కాపాడేదాన్ని మనం దారిలో పోగొట్టడం బాగుందా?

ఇప్పుడు ఆ 8 కిలోమీటర్ల గీత సంగతి. నేనుంటున్నది మదీనాలో. ఈ ఊరికి ఒక హద్దు ఉంది. ఐర్, సౌర్ అనే రెండు కొండల మధ్య భాగం హరం. దాని లోపల వేటాడకూడదు, చెట్టు కొట్టకూడదు. పద్నాలుగు వందల ఏళ్లుగా ఈ మాట నడుస్తోంది. మస్జిదె నబవి ఆవరణలో పావురాలు మనుషుల కాళ్ల మధ్య తిరుగుతుంటే ఎవరూ చెయ్యి వెయ్యరు. గీత ఎక్కడుందో అందరికీ తెలుసు, అందుకే అది నిలిచింది. మన సముద్రం మీద గీసిన గీత మాత్రం కాగితం మీదే ఉంది. నడిసముద్రంలో 8 కిలోమీటర్లెక్కడ, 7 ఎక్కడ, ఎవరు కొలుస్తారు అని ఇన్నాళ్లూ తప్పించుకున్నారు. ఇకమీదట ఆ సాకు చెల్లదు. 2024లో కేంద్రం దేశమంతటా లక్ష వేట బోట్లకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు బిగించే పని మొదలుపెట్టింది, ఆ పరికరం తయారుచేసింది ఇస్రో. బోటు ఎక్కడుందో ఒడ్డున కూర్చుని చూడవచ్చు. తుపానులో ప్రాణాలు కాపాడటానికి అది ఎంత అవసరమో, ఎవరు ఎక్కడ వల లాగారో చెప్పడానికీ అంతే పనికొస్తుంది. చూడాలన్న మనసుండాలి.

ఒక సంగతి చాలామంది గమనించరు. మరబోటు గీత దాటి లోపలికి వస్తే చచ్చేది తాబేలు ఒక్కటే కాదు, చిన్న పడవ వాడి వల కూడా తెగిపోతుంది, వాడి చేపా పోతుంది. మన సిక్కోలు మత్స్యకారులు వేల కిలోమీటర్లు దాటి గుజరాత్‌లోని వెరావల్‌కు ఎందుకు పోతున్నారు? సొంత తీరంలో గిట్టుబాటు కాకనే కదా. అలా వెళ్లినవాళ్లే 2018లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో ఇంటికొచ్చారు. దాని ఆధారంగా వచ్చిన ‘తండేల్’ సినిమాను దుబాయ్ నుంచి డాలస్ దాకా మనమంతా చూసి కళ్లు తుడుచుకున్నాం. ఆ కన్నీళ్లకు కారణాల్లో ఇదీ ఒకటి, ఒడ్డు పక్కన చేప లేకపోవడం. కాబట్టి ‘మనుషులు చస్తుంటే తాబేళ్ల గోలేమిటి’ అని అడిగే మిత్రులకు నా జవాబు ఇదే. తాబేలును కాపాడే నిబంధన, చిన్న మత్స్యకారుణ్ని కాపాడే నిబంధన వేరు వేరు కావు. ఒడ్డు దగ్గర తాబేళ్ల శవాలు తేలాయంటే, చిన్నవాళ్ల భాగంలోకి పెద్ద వల వచ్చిందేమోనని ముందు అనుమానించాలి.

అన్ని చావులకూ ట్రాలర్లే కారణమని నేను అనను. పెద్ద కన్ను వలల్లో చిక్కి చచ్చేవి ఉన్నాయి, పడవ పంకా తగిలి చచ్చేవి ఉన్నాయి. ఫ్యాక్టరీల మురుగు గురించి కాకినాడ వాళ్లు అడిగిన ప్రశ్నలూ సరైనవే. నేనుంటున్న మదీనా ప్రాంతంలోనే ఉదాహరణ ఉంది. యాన్బూకు ఉత్తరాన రాస్ బరీదీ అనే చోట ఎర్రసముద్రపు పచ్చ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఈ తీరంలో పేరున్న చోటు అది. దగ్గరలోని సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము ఇసుక మీద పడి గట్టిపడితే పిల్లలు గూడులోంచి బయటికి రాలేక చచ్చాయని 1999లో నికొలస్ పిల్చర్ అనే శాస్త్రవేత్త రాశాడు. అక్కడ ట్రాలు వలలు పెద్ద సమస్య కాదు, పగడపు దిబ్బల మీద లాగితే వలే చిరుగుతుంది. ఆ వలలు నడిచేది అడుగు చదునుగా ఉన్న జీజాన్ వైపు. ఎక్కడి కారణం అక్కడ వెతకాలి. సౌదీ ప్రభుత్వం ఎర్రసముద్రపు పగడాలు, తాబేళ్ల కోసమే షమ్స్ అనే సంస్థను ప్రత్యేకంగా పెట్టింది. మన తీరంలో మాత్రం బురద అడుగు, రొయ్య, మరబోటు, ఈ మూడూ కలిసిన చోటే తాబేలూ ఉంటుంది.

మందు కూడా ఎప్పుడో దొరికింది. దాని పేరు టెడ్. వల గొంతు దగ్గర ఏటవాలుగా ఒక కమ్మీల చట్రం బిగిస్తారు. కమ్మీల మధ్య నాలుగంగుళాల సందు ఉంటుంది. రొయ్యలు, చేపలు సందుల్లోంచి సంచిలోకి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి, జారి, పక్కనున్న కంత గుండా బయటపడుతుంది. అంతే యంత్రం. మోటారు లేదు, కరెంటు లేదు. సరిగ్గా బిగిస్తే నూటికి 97 తాబేళ్లు బయటపడతాయని అమెరికా మత్స్య విభాగం లెక్క. దీని మూలం కనిపెట్టింది శాస్త్రవేత్త కూడా కాదు, జార్జియా రాష్ట్రంలో సింకీ బూన్ అనే రొయ్యల వేటగాడు. జెల్లీ చేపలు వలను నింపేస్తుంటే విసుగెత్తి చేసుకున్న చట్రం అది. జార్జియా, ఫ్లోరిడాల్లో ఉన్న మనవాళ్లు ఇది చదివితే కాస్త గర్వపడవచ్చు.

అమెరికా 1987లో తన బోట్లకు టెడ్ తప్పనిసరి చేసింది. 1989లో, టెడ్ వాడని దేశాల సముద్రపు రొయ్య కొనబోమని చట్టం చేసింది. 1996లో దాన్ని ప్రపంచమంతటికీ వర్తింపజేస్తే భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. ఇండియా, పాకిస్తాన్ ఒకే పక్షాన నిలబడటం అరుదు, అది రొయ్య కోసం జరిగింది! 1998 అక్టోబరులో అప్పిలేట్ బాడీ తీర్పు చెప్పింది. తాబేళ్లను కాపాడాలనుకోవడం తప్పు కాదు, దేశదేశానికీ తేడాగా అమలు చేసిన పద్ధతి తప్పు అంది. అమెరికా పద్ధతి మార్చుకుంది, చట్టం నిలిచింది. మనం మాత్రం గెలిచామనుకుని ఇంటికొచ్చి పడుకున్నాం. ఎంపెడా ఒకప్పుడు మన హార్బర్లలో టెడ్‌లు ఉచితంగా పంచింది. చాలా వరకు షెడ్డుల్లో తుప్పు పట్టాయి. 2010ల చివర్లో అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం ఆపేసింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ అమెరికా వాళ్లతో కలిసి కొత్త నమూనా తయారుచేసింది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఖర్చంతా ప్రభుత్వాలే భరిస్తాయి, 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం.

మరి ఎందుకు బిగించడం లేదు? బోటువాళ్ల మాట వినకుండా తీర్పు చెప్పకూడదు. చట్రం వల్ల పెద్ద చేపలు పోతాయంటారు. అది పూర్తిగా అబద్ధం కాదు, నాలుగంగుళాల సందులో పట్టని చేప తాబేలుతోపాటే బయటికి పోతుంది. ఒక్క పెద్ద చేప ఖరీదుతో ఆ పూట డీజిలు ఖర్చు గట్టెక్కే రోజులుంటాయి. చెత్త అడ్డుపడితే రొయ్య కూడా జారిపోతుంది. ఉచితంగా ఇచ్చారు కాబట్టి బిగించు అంటే ఎవరూ బిగించరు, ఎందుకంటే వాళ్ల భయం చట్రం ధర గురించి కాదు, వలలో పోయే సరుకు గురించి. ఈ చిన్న సంగతి ముప్పై ఏళ్లుగా పథకాలు రాసేవాళ్లకు పట్టలేదని నా అభిప్రాయం.

నా సూచన మొహమాటం లేకుండా చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో వేట బోట్ల డీజిలుకు లీటరుకు 9 రూపాయల రాయితీ ఉంది. ట్రాలు బోట్లకు ఆ రాయితీని టెడ్‌తో ముడిపెట్టాలి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా చట్రం బిగించుకుని, ట్రాన్స్‌పాండర్ ఆన్‌లో ఉంచి, గీత లోపలికి రాని బోటుకు రాయితీ పెంచండి, లేనివాళ్లకు కోయండి. హార్బరు గేటు దగ్గర వల విప్పి చూస్తే నిమిషంలో తెలుస్తుంది. సముద్రంలో పోలీసు పడవలు తిప్పే ఖర్చులో పదో వంతు కూడా కాదు.

ఇందులో మన ప్రవాస సంఘాల వంతు ఒకటుంది. తానా, ఆటా, నాట్స్ లాంటి పెద్ద సంఘాలూ, గల్ఫ్‌లోని మన చిన్న సంఘాలూ ఊళ్లకు బడులు, నీళ్ల ప్లాంట్లు, ఆస్పత్రి పరికరాలు ఇస్తూనే ఉన్నాయి. ఒక హార్బరును ఎంచుకుని, మొదటి సీజనులో టెడ్ బిగించిన బోట్లకు సరుకు తగ్గితే ఆ తేడా మేం కడతామని హామీ ఇవ్వొచ్చు కదా! తగ్గుతుందో లేదో ఒక సీజనులో తేలిపోతుంది. తగ్గకపోతే డబ్బు మిగులుతుంది, తగ్గితే ఎంత తగ్గిందో ఊహలు కాకుండా లెక్క చేతిలో ఉంటుంది. తాబేలు పిల్లల్ని వదిలే ఫంక్షనుకు విరాళమిస్తే ఫొటో వస్తుంది. దీనికి ఫొటో రాదు, అదొక్కటే ఇబ్బంది.

తినేవాళ్లుగా కూడా మనం అమాయకులం కాము. అమెరికాలో మన ఇళ్లలో వండే ఆంధ్రా రొయ్య చాలావరకు భీమవరం, నెల్లూరు వైపు చెరువుల్లో పెరిగిన వనామి. 2025లో ట్రంప్ సుంకాలు పెంచినప్పుడు ఆ చెరువుల గురించి అందరం మాట్లాడుకున్నాం. చెరువు రొయ్య తాబేలును చంపదు కదా అనుకుంటాం. దాని మేతలో కలిసే చేపపొడికి కొంత చిల్లర చేప ఇవే ట్రాలు వలల్లోంచి వస్తుంది. తినడం మానమని నేను చెప్పను, నేనూ మానను. యాన్బూ నుంచి వచ్చే చేప కోసం శుక్రవారం మార్కెట్లో నిలబడేవాణ్నే. కానీ కొట్టువాణ్ని ఇది సముద్రపుదా, చెరువుదా, ఎక్కడి నుంచి వచ్చింది అని అడగడం అలవాటు చేసుకుంటే, నాలుగు సార్లు అడిగాక వాడు తన పైవాణ్ని అడుగుతాడు.

చివరగా గల్ఫ్ తెలుగువాళ్లకు ఒక మాట. ఎన్నేళ్లున్నా ఇక్కడ మనకు పౌరసత్వం రాదని బాధపడుతుంటాం. ఆ నీలి రంగు పాస్‌పోర్టు వల్ల ఒక ఉపయోగం ఉంది. భారత పౌరులం కాబట్టి విదేశంలో ఉన్నా సమాచార హక్కు చట్టం కింద ప్రశ్న వేయవచ్చు. గిలకలదిండి, నిజాంపట్నం, కాకినాడ, విశాఖ హార్బర్ల నుంచి వేటకు వెళ్లే ట్రాలు బోట్లు ఎన్ని, వాటిలో టెడ్ బిగించినవి ఎన్ని, గడిచిన మూడేళ్లలో 8 కిలోమీటర్ల గీత దాటినందుకు జరిమానా వేసినవి ఎన్ని? మూడే ప్రశ్నలు. బందరు సంగతి నేను అడుగుతున్నాను, దరఖాస్తు రాసి పెట్టాను. మిగతా మూడు హార్బర్లకు ఆ ఊళ్లవాళ్లు ఎవరైనా ముందుకొస్తే నమూనా పంపిస్తాను.